పదకొండు మైళ్ళ కారు

1969. శ్రీకాకుళంలో ఒక ఆదివారం ఉదయం. ప్లీడరు గుమాస్తా కూర్మయ్య ఇంటి అరుగు. మూడు నెలల కిందట సింగపూరు వదిలి వచ్చేసిన గంగరాజు, అతని భార్య లక్ష్మణమ్మ ఒక నోటీసు పట్టుకుని వచ్చారు. కూర్మయ్య గంగరాజుకి వరసకు బావ.

“పదకొండు వందలా, పదకొండా? సరిగ్గా చెప్పు గంగరాజూ. కాయితం మీద పెట్టాల.”

“పదకొండే కూర్మయ్య బావా.”

“పదకొండు మైళ్ళు. రెండేళ్ళు. ఇక్కణ్ణుంచి ఆమదాలవలస స్టేషనుకెళ్ళి, టీ తాగి, సగం దూరం వెనక్కొస్తే అయిపోతాది. మా పాలవోడి సైకిలు నాల్రోజుల్లో తిరుగుతాది ఆపాటి.”

“నవ్వకు బావా. రేపు పదకొండింటికి విశాపట్నం రేవులో కస్టమ్సు ఆఫీసరు ముందు నిలబడాల. కారు సేతికిస్తాడో, ఏలం ఏసీస్తాడో రేపే తేలిపోతాది.”

“నవ్వడం లేదు. నోటీసు చదువుతున్నాను. ఈ నోటీసు చదివినోడి మొహం ఇలాగే అవుతాది. లక్ష్మణమ్మా, నిలబడ్డావేటి? కూచో.”

“పర్లేదన్నియ్య. లోపల వదిన ఒక్కతీ ఉన్నాది. కాపీకి సాయం సేత్తాను.”

“కాఫీ ఎక్కడికీ పారిపోదు. కూచో. కారు నీది కూడానూ.”

“నాదేటన్నియ్య? అది దేముడిది. కావలిస్తే మీ బావనడుగు.”

“అడుగుతాను. ముందు నోటీసు తెలుగులో చెప్తాను, ఇద్దరూ వినండి. ‘పైదేశంలో కాపరముండి తిరిగొచ్చీవోడు తన సొంతానికి వాడుకున్న కారు తెచ్చుకోవచ్చును. కనీసం ఏడాదైనా వాడుండాల. నీ కారు వాడినట్టు లేదు. ఇక్కడ అమ్ముకుందామని కొత్త సరుకు తెచ్చినట్టు మాకు తోస్తున్నాది. కాదంటే రుజువు చూపించు.’ ఇదీ సంగతి. మరి వాడేవా?”

“నేదు.”

“ఒక్కసారి కూడా?”

“ఒక్కసారీ నేదు.”

“ఆహా! బావా, లోకంలో కార్లున్న దొంగలందరూ మీటరు వెనక్కి తిప్పించుకుంటారు. నువ్వొక్కడివే ముందుకి తిప్పించుకోవలసినోడివి. విజయనగరంలో నాకు తెలిసిన మెకానిక్కు ఒకడున్నాడు. వెనక్కి తిప్పడానికి ఎంత తీసుకుంటాడో తెలుసు గానీ, ముందుకి తిప్పమంటే నవ్వి నవ్వి ఊరికే తిప్పీగలడు.”

“కారు ఆళ్ళ గోదాంలో ఉన్నాది. గోదాం తాళం ఆళ్ళ మొల్లో ఉన్నాది. అయినా నానొప్పుకోను బావా. ఆ కారు మీద అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి.”

“కళ్ళ సంగతేటి మధ్యన?”

“అదే కదా మొదలు.”

“అయితే మొదట్నుంచే చెప్పు. మెల్లిగా చెప్పు, రాసుకుంటాను. కొన్నదెప్పుడు?”

“రెండేళ్ళయినాది. ఆకుపచ్చ మోరిస్ కారు. పదేళ్ళు సింగపూరు రేవులో ఓడలకి వెల్డింగు సేసి కూడబెట్టేను. షాపోడే తోలుకొచ్చి మా రేకుల షెడ్లో పెట్టేడు. ఆ షాపు కాణ్ణుంచి మా ఇంటికి పదకొండు మైళ్ళు.”

“ఓహో, ఆ పదకొండూ అవే! మరి ఓడ దాకా ఎలా తెచ్చేవు?”

“లారీ మీద.”

“కారుని లారీ మీద! బాగుంది. కారు కొన్నోడు తోలుకోడా?”

“లైసెన్సు రానేదు.”

“ఎన్నిసార్లు ఎళ్ళేవు?”

“మూడుసార్లు.”

“నాలుగన్నియ్య. నాలుగోసారి గోడకి గుద్దీసి, ఆ సంగతి ఎవులికీ సెప్పొద్దన్నాడు.”

“ఒసే, అది కాయితంలోకి కావాలేటే?”

“చెప్పమ్మా, కాయితంలోకి అక్కర్లేదు. నాకు కావాల. తర్వాత?”

“ఆదివారం ఆదివారం కడిగి, టైర్లకి పసుపు రాసి, బొట్టెట్టి, తలుపు తీసి లోపల కర్పూరం ఎలిగించీవోణ్ణి. అలా రెండు నెలలు. ఆ తర్వాత ఒక రోజు పనిలో మొహం కాడ అద్దం పగిలి మంట కళ్ళలో కొట్టీసినాది. రెండు కళ్ళూ. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి, కట్లు కట్టి ఇంటికి పంపీసేరు. సూపొస్తాదో రాదో సెప్పలేమన్నారు.”

“అయ్యో. ఉత్తరంలో ‘కంట్లో నలుసు’ అని రాసేవే!”

“మా యమ్మ సదివించుకుంటాది కదా బావా. ఏటి రాయమంటావు? సరే, ఇంటికి తెచ్చిన రోజునే, మంచం మీద కూకోకముందే, అరసవిల్లి ఏ దిక్కునున్నాదిరా అని దీని తమ్ముడు నూకయ్యనడిగేను. ఆడు నా సేతులు పట్టుకుని ఒక దిక్కుకి తిప్పేడు.”

“నూకయ్యకి సింగపూరులో అరసవిల్లి దిక్కు తెలుసునా?”

“ఏదో దిక్కు. దేముడికి దిక్కులేటి? మొక్కేను. ‘తండ్రీ, సూర్యనారాయణమూర్తీ, నాకు కళ్ళియ్యి. ఏడు గుర్రాల రథం తేలేను గానీ ఈ మోరిస్ కారు నీ గుమ్మంలోకి తెస్తాను. ఇప్పటిదాకా దీని ఎనక సీటు మీద నరుడు కూకోనేదు. నీ గుమ్మం తొక్కీదాకా కూకోడు’ అన్నాను.”

“షాపువోడు తోలుకొచ్చేడు కదా? వాడు నరుడు కాడా?”

“తోలీవోడు లెక్కలోకి రాడు. సూర్యుడి రథానికీ తోలీవోడున్నాడు. ఎనక సీటే లెక్క. అది ఆయనది.”

“బావా, నువ్వు ప్లీడరు గుమాస్తావి కావలసినోడివి. మొక్కినప్పుడు పక్కనెవరున్నారు?”

“ఇదీ, నూకయ్యా.”

“విని ఏటన్నారు?”

“ఏటంటారు? దండం పెట్టేరు.”

“పెట్టేవా లక్ష్మణమ్మా?”

“పెట్టేనన్నియ్య. దండానికేటి, పెట్టీడమే.”

“గంగరాజూ, తప్పనుకోకు, నాకో చిన్న అనుమానం. నేనూ ఆదివారం ఉప్పు ముట్టనివాణ్ణే. రోజూ పొద్దున్నే నీళ్ళొదిలి ఆయనకి దండం పెట్టకుండా కాఫీ తాగను. కానీ ఆయన ఎక్కడెక్కడ కాస్తాడు చెప్పు? గుడి మీదా కాస్తాడు, పెంటకుప్ప మీదా కాస్తాడు, మీ భావనపాడులో ఎండుచేపల మీదా కాస్తాడు. అలాటాయనకి సీటు మడి, సీటు మైల ఉంటాయంటావా?”

“నీకు కళ్ళు పోనేదు బావా. పోయినోణ్ణి అడుగు.”

“అదీ నిజమే. సరే, అడగను. ఎన్నాళ్ళకి సూపొచ్చింది?”

“పద్నాలుగు నెలలు. వారానికి రెండుమార్లు ఆసుపత్రి. మంగళారం, శుక్రారం. సుక్కలు ఏసి, కడిగి, మళ్ళీ కట్టు కట్టీవోరు. ఒక్క వారం తప్పనేదు. ఆసుపత్రి సీటీలన్నీ దాచేను. ఇదిగో, ఈ సంచీలోనే ఉన్నాయి. తారీకులతో సహా.”

“ఎందుకు తెచ్చేవు? గొడవ నీ కళ్ళ గురించి కాదు, కారు గురించి.”

“కాయితాలన్నీ తెమ్మన్నావు కదా.”

“అవునవును. పక్కన పెట్టు. ఆసుపత్రికి దేన్లో ఎళ్ళీవోడివి?”

“టాక్సీలో.”

“కారు ఇంట్లో పెట్టుకుని!”

“మొక్కు మొక్కే బావా. ఎంత నరకం పడ్డానో నీకు తెలీదు. సీనావోడి టాక్సీ అంట అది. ఉత్త డొక్కు. గోతిలో పడితే ప్రాణం పైకొచ్చీసీది. సీటు రాయిలాగుండీది. ఎనక కూకుని, షెడ్లో ఉన్న నా కారు మెత్తటి సీటు తల్సుకుని, ఆ సీనావోణ్ణి దారంతా తిట్టీవోణ్ణి.”

“వాడూరుకునేవాడా?”

“తెలుగులో తిట్టీవోణ్ణి. ఆడికేటి తెలుస్తాది? పాపం, నిజం సెప్పాలంటే మంచోడు. పద్నాలుగు నెలలూ ఆడొక్కడే వచ్చేడు, ఒక్క మాట మాటాడనేదు. భక్తి కూడా ఉన్నాది. టాక్సీలో కర్పూరం వాసన వచ్చీది. ఆళ్ళూ మనలాటోళ్ళే అనుకునీవోణ్ణి. డబ్బులు ఎంతిచ్చీదో గానీ...”

“కాపీ సల్లారిపోతన్నాది. తాగండి. తాగి మాటాడండి.”

“ఇంకా రానే లేదు కదమ్మా కాఫీ!”

“అదే, తెస్తానంతన్నాను.”

“కూచో. ఇదేటి బావా, ఈ నోటీసు వెనక రెండో కాయితం ఉన్నాది? మడత పెట్టి లోపలికి తోసీసేరు.”

“అది ఉత్త జాబితా అన్నియ్య. అక్కర్లేదు.”

“చదివేవా నువ్వు?”

“నాకు సదువెక్కడిదన్నియ్య?”

“మరి జాబితా అని ఎలా తెలిసింది?”

“పక్కింటి మేస్టారి చేత... ఏదో, ఒకటీ రెండూ అని అంకెలున్నాయి కదా.”

“ఉన్నాయి. ఇది కారుని వాళ్ళు విప్పి చూసిన వివరం. విను బావా. ఒకటి: నాలుగు టైర్లూ గుండులా అరిగి ఉన్నాయి.”

“ఏటీ?”

“రెండు: క్లచ్చి రబ్బరు సగం తినీసి ఉన్నాది. మూడు: వెనక సీటు తొడుగుకి రెండు చోట్ల మాసికలు. నాలుగు: వెనక సీటు సందులో దొరికినవి. చీనా అక్షరాల సినిమా టిక్కెట్టు ముక్క ఒకటి, సీసా మూతలు మూడు, జడపిన్ను ఒకటి, దూది ముద్ద ఒకటి.”

“ఎవుడి కారు సూసేర్రా ఆళ్ళు! నాది కాదది!”

“ఆగు, అసలు ముక్క ఇంకా ఉన్నాది. ‘మీటరు చూస్తే పసిపిల్ల. టైర్లు చూస్తే ముసలమ్మ. కొత్త కారుకి పాత టైర్లు తొడిగి, వాడిన బండిలా చూపించి సర్కారుని మోసం చెయ్యబోయినట్టు అనుమానం.’ పసిపిల్లా, ముసలమ్మా నేను కలిపేను గానీ తక్కినదంతా వాళ్ళదే. బావా, కారు వాడలేదని ఒక నేరం. వాడినట్టు వేషం ఏసేవని ఇంకో నేరం. ఒక్క కారుతో రెండు సాధించేవు.”

“రేవులో దొంగలు బావా! ఓడ దిగినకాడ నా టైర్లు మార్చీసేరు! అలాగని రాయి! బేగి రాయి!”

“టైర్లు మార్చినవోడు క్లచ్చి రబ్బరు కూడా అరగదీసి ఎళ్ళేడా? వెనక సీట్లో కూచుని సినిమా టిక్కెట్టు చింపేడా? మాసికలు కుట్టేడా? ఎవడా దరిద్రుడు, సూదీ దారం పట్టుకొచ్చి దొంగతనం చేసీవోడు?”

“మరేటంటావు?”

“నేనేమీ అనను. అడుగుతాను. నీకు కళ్ళొచ్చేక కారు కడిగేవా?”

“కడగకేటి. ఆదివారం ఆదివారం.”

“టైర్లు అరిగినట్టు కనిపించలేదా?”

“టైర్లెవుడు సూస్తాడు? మీటరు సూసీవోణ్ణి. పదకొండుంటే కళ్ళకద్దుకునీవోణ్ణి. టైర్లకి పసుపు కదా. మందంగా, రెండు సేతుల్తో రాసీవోణ్ణి.”

“ఆ పద్నాలుగు నెలలూ ఎవరు కడిగేరు?”

“ఇదే. కర్పూరం కూడా ఇదే ఎలిగించీది. నాను మంచం మీంచి దండం పెట్టీవోణ్ణి.”

“షెడ్డు తాళం?”

“దీని మొల్లో.”

“నూకయ్య ఏం పని చేసీవోడక్కడ?”

“లారీ తోలీవోడు. ఆ లారీలోడు దివాలా తీసేక, ఏదో టాక్సీ తోలీవోడు.”

“ఏదో టాక్సీ. ఎవరి టాక్సీ?”

“ఎవులిదో. ఎవులిదే లక్ష్మణమ్మా?”

“అన్నియ్య, కాపీలో పంచదార ఎంతెయ్యమన్నారు?”

“కాఫీ మర్చిపోమ్మా. ఎవరి టాక్సీ?”

“వదిన పిలుస్తన్నట్టున్నాది.”

“మీ వదిన బజారుకెళ్ళి పావుగంటయింది. మన ముందునుంచే ఎళ్ళింది. లక్ష్మణమ్మా, రేపు ఆఫీసరు అడిగితే ఇలాగే పంచదార లెక్క చెప్తావా? ఎవరి టాక్సీ?”

“మనదే.”

“ఏటే?”

“మనదే అంతన్నాను. ఆకుపచ్చదే. మోరిస్సే. ఏటలా సూస్తావు మావా? కళ్ళొచ్చినాయి కదా అనీసి అలా సూస్తావేటి? పద్నాలుగు నెలలు రేవోడు నీకు జీతమిచ్చేడా? ఆసుపత్రోడు ఊరికే సుక్కలేసేడా? నువ్వు మంచం మీద కూకుని సూర్యుణ్ణి పిలుస్తన్నావు. బియ్యం కొట్టోడు గుమ్మంలో నిలబడి నన్ను పిలుస్తన్నాడు. ఆడికి నానేటి సెప్పాల? షెడ్లో దేముడి కారున్నాది నాయనా, దండమెట్టుకుని ఎల్లు, అనాలా?”

“నా కారుని... నా కారుని కిరాయికి తిప్పేరా?”

“తిప్పేం. లైసెన్సు నేని టాక్సీలు ఊర్లో బోల్డున్నాయి. మనదీ ఒకటి. పొద్దున్న నూకయ్య తీసుకెళ్ళీవోడు, సీకటి పడకముందే తెచ్చి పెట్టీవోడు. నాను తుడిసి కర్పూరం ఎలిగించీదాన్ని. ఆ మాటకొస్తే కర్పూరం కూడా ఆ డబ్బుల్తోనే కొన్నాను.”

“మరి శబ్దం రాలేదేటే? నాకు కళ్ళు పోయేయి గానీ సెవులున్నాయి కదా!”

“వచ్చినాది. ‘ఏటా శబ్దం’ అన్నావు. పక్కింటోళ్ళ కారన్నాను. ‘ఆడిది పాత డొక్కు, ఇంజను దగ్గుతన్నాది, మనదైతే పిల్లిలా ఉంటాది’ అన్నావు.”

“హహ్హ... క్షమించు బావా. నవ్వకూడదు. మరి మీటరు, లక్ష్మణమ్మా?”

“మొదటి రోజే నూకయ్య దాని తీగ పీకీసేడన్నియ్య. ‘అప్పా, బావకి కళ్ళొచ్చిన రోజున ముందుగా సూసీది నీ మొహం కాదు, ఆ మీటరే’ అన్నాడు. నాను నమ్మనేదు. నా మొహమే సూస్తాడనుకున్నాను.”

“మరి?”

“ఇంటికాడ కట్లిప్పగానే తిన్నగా షెడ్లోకి ఎల్లీసేడు.”

“ఎళ్ళేవా బావా?”

“ఎల్లేను.”

“సరే. ఇది రాయను.”

“దాని మాటలకేటి, నన్ను తప్పులోడ్ని సేసీసినాది. బావా, నువ్వే సెప్పు. ఓడ దిగిన తాగుబోతులు, సినిమాలకెల్లీ సచ్చినోళ్ళు, ఎవుడెవుడో, ఆ సీటు మీద... నాను కర్పూరం ఎలిగించిన సీటు మీద!”

“తాగినోళ్ళూ ఎక్కేరు, తాగనోళ్ళూ ఎక్కేరు. ఒకసారి నిండుచూలాలు ఎక్కినాది. ఆసుపత్రి దాకా ఆగనేదు, దారిలోనే కనీసినాది.”

“సీటు మీదా!”

“మరి నూకయ్య నెత్తి మీదా? మగపిల్లడు. బాగున్నాడు. ఆ మాసికలు అవే. నానే కుట్టేను.”

“రామ రామ! పురుడు కూడా! బావా, విన్నావా? దేముడి సీటు మీద పురుడు!”

“విన్నాను. ఇద్దరూ కాస్త ఆగండి. గంగరాజూ, మైల సంగతి తర్వాత. ముందు నీ కారు వాడిన కారే కదా! టైర్లు నీవే. అరుగుదల నీదే. మోసం లేదు, దొంగలు లేరు. రాసీనా? ‘అయ్యా, నా కారు పద్నాలుగు నెలలు టాక్సీగా...’ అబ్బే. అబ్బే. కుదరదు.”

“ఏటి కుదరదు?”

“టాక్సీ అంటే కిరాయి. కిరాయంటే వ్యాపారం. వాళ్ళడిగింది ‘సొంతానికి’ వాడేవా అని. ఈ మాట కింద గీత కూడా గీసేరు చూడు. కొత్త కారంటే ఒక ఏలం, టాక్సీ అంటే ఇంకో ఏలం. పైగా లైసెన్సు లేని టాక్సీ అంటున్నాది మీ ఆవిడ. అది రాసి సంతకం పెడితే ఆఫీసరు నీకు కుర్చీ వేసి మరీ కూచోబెడతాడు, పోలీసులొచ్చేదాకా.”

“సొంతానికి నానెప్పుడెక్కేను బావా!”

“అదే కదా నేనూ వెతుకుతున్నాను. సొంతానికి వాడినట్టు ఒక్క రుజువు. ఏడాదికి తగ్గకుండా. ఎక్కడైనా ఎళ్ళేరా? గుడికి? చుట్టాలింటికి? బజారుకి? లక్ష్మణమ్మా, నువ్వెక్కేవా?”

“నాను ముందు సీట్లో ఎక్కేనన్నియ్య. కొన్ని మార్లు.”

“ఎక్కడికి?”

“అదే... పనుంటే.”

“ఒగ్గీ బావా. ఇంకేటీ అడక్కు, ఇంకేటీ రాయకు. ఏలం ఏసీసుకోనీ. ఇప్పుడాళ్ళు ఊరికే ఇచ్చినా నాకొద్దు. ఆ కారుని అరసవిల్లి గుమ్మంలో ఏ మొహం పెట్టుకుని నిలబెడతాను? ఊర్లో బేండుమేళం కూడా మాటాడీసేను. పంచాయితీ ప్రెసిడెంటు దండ పట్టుకుని వస్తానన్నాడు.”

“భావనపాడు ఇసకలో కారు! ఎడ్లు కట్టి లాగించాలి కదరా.”

“ఎడ్లు కూడా మాటాడీసేడన్నియ్య. కారు రాకముందే పాక కూడా ఏసీసేడు. ఇప్పుడందులో మా యత్త ఎండుసేపలు ఆరబెడతన్నాది.”

“నవ్వండి. ఇద్దరూ నవ్వండి. మొక్కు సెడిపోయినాది. ఇంకెన్నాళ్ళుంటాయి నా కళ్ళు? ఇదిగో, సూడు బావా, ఇప్పుడే నీరు కారతన్నాయి.”

“అది కోపం.”

“కోపం కాదు. నిన్నట్నుంచీ కారతన్నాయి. మొక్కు తీర్చనోడి కళ్ళు అలాగే పోతాయంట. మా పెదనాన్నకి పోయేయి.”

“బావా, భయపడకు. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకుండా విను. నీకు కళ్ళెప్పుడిచ్చేడాయన? సీటు మైలపడకముందా, పడ్డాకా?”

“...పడ్డాక.”

“పద్నాలుగు నెలలు ఆ కారు ఊరంతా తిరుగుతుంటే తాగుబోతులెక్కేరు, పురుడు జరిగింది, సినిమా టిక్కెట్టు చింపేరు. ఆ తర్వాత కదా నీ కట్లు విప్పేరు?”

“ఆయనకి తెలిసుండదు బావా.”

“ఎవరికి? సూర్యుడికా? పట్టపగలా?”

“పగలే తిప్పేరనుకో, అయినా...”

“మిగతా దేవుళ్ళ సంగతి నాకు తెలీదు గానీ, చూడలేదు అనడానికి వీల్లేని దేవుడాయనొక్కడే కదా బావా. చూసే ఇచ్చేడు. నువ్వేదో సీటు ఆయనకి దాచేవనుకుంటున్నావు. ఆయన ఆ సీటు ఎవరికి కావాలో వాళ్ళకిచ్చేడేమో. నేను పెద్ద చదువు చదివినోణ్ణి కాదు. అలా తోస్తున్నాది.”

“నీ మాట తీసీలేను. కానీ నా మనసు ఒప్పుకోడం నేదు బావా. నాను దేముడికి మాటిచ్చేను. ‘ఇప్పటిదాకా నరుడు కూకోనేదు’ అన్నాను. ఆ పూటకి అది నిజం. నా నోటంట అబద్ధం రానేదు. దాన్ని అబద్ధం సేసినోడు ఎవుడు? నాకు కావలసినదదొక్కటే.”

“అంటే?”

“ముందుగా ఆ సీటు మీద కూకున్నోడు ఎవుడో సెప్పమను. ఏ రోగిష్టోడో, నిస్సహాయుడో అయితే ఆయనే పంపించేడనుకుంటాను. నువ్వు రాసిన కాయితం మీద కళ్ళు మూసుకుని సంతకమెడతాను, రేపు ఆఫీసరు కాళ్ళు పట్టుకునైనా కారు ఇడిపించి అరసవిల్లి తెస్తాను. తాగుబోతు ఎదవయితే, ఏలం ఏసుకోమను. నా కళ్ళు నా కర్మ.”

“ఇది న్యాయంగానే ఉన్నాది. చెప్పమ్మా.”

“నాను సెప్పనన్నియ్య.”

“సెప్పే.”

“నీకు కోపమొస్తాది మావా.”

“ఇంకా రావడానికేటి మిగిలినాది? సెప్పు. ఎవుడాడు?”

“రోగిష్టోడే.”

“నిజంగా?”

“ఈ రోజు ఆదివారం. ఆయనెదురుగా అబద్ధమెందుకాడతాను? రోగిష్టోడే, నిస్సహాయుడే. కానీ మంచోడో కాదో సెప్పలేను. మొదటి రోజున నూకయ్యా నానూ సెరో రెక్కా పట్టుకుని ఎక్కించేం. నువ్వు మొక్కుకున్న రోజే, మొక్కుకి ఒక గంట ముందు.”

“ముందా! అయితే నాను మొక్కినప్పటికే...”

“మొక్కినప్పటికే. నువ్వు సేతులెత్తి ‘నరుడు కూకోనేదు’ అంతంటే, నానూ నూకయ్యా కూడా సేతులెత్తి దండమెట్టీసేం. ఇంకేటి సేస్తాం?”

“తర్వాత మళ్ళీ ఎక్కేడా ఆడు?”

“మానితే కదా. పద్నాలుగు నెలలు. ఒక్క పైసా ఇవ్వనేదు. పైగా నూకయ్యని దారి పొడుగునా తిట్టీవోడు. పాపం ఆడు పళ్ళు కొరుక్కుని తోలీవోడు, నోరిప్పితే గొంతు పోల్చుకుంటాడని.”

“లక్ష్మణమ్మా, ఆగమ్మా. వారానికి రెండుమార్లా?”

“అవునన్నియ్య.”

“మంగళవారం, శుక్రవారం?”

“అవును.”

“బావా, ఆ ఆసుపత్రి చీటీల సంచీ ఇలా తే. నవ్వడం లేదు, తే. సొంతానికి... పద్నాలుగు నెలలు... తారీకులతో సహా... ఓరి దేవుడా.”

“నీకేటయినాది బావా? ముందు దీన్ని సెప్పనీ! ఎవుడే ఆడు? నా కారులో ఊరికే ఎక్కి, నా బావమర్దినే తిట్టిన ఆ దరిద్రుడెవుడే?”

“సీనావోడి టాక్సీలో కర్పూరం వాసనొచ్చీదన్నావు కదా మావా. ఏ సీనావోడు ఆదివారం ఆదివారం తన బండికి కర్పూరం ఎలిగిస్తాడు?”